రోస్టరు ఆగిపోయే చోటు

1969 జనవరిలో పాల్వంచలో రాజుకున్న గొడవ ఉద్యోగాల లెక్క గురించి. అక్కడి కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం అప్పటికి కొత్తది. నీళ్ళు కిన్నెరసానివి, బొగ్గు సింగరేణిది. కొలువులు మాత్రం, స్థానికులకే ఉద్యోగాలు దక్కాలన్న ముల్కీ నిబంధనలను పక్కన పెట్టి, బయటివాళ్ళకు ఇస్తున్నారని స్థానిక యువకులూ ఉద్యోగులూ నిలదీశారు. జనవరి 8న ఖమ్మంలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. 19న అఖిలపక్ష ఒప్పందం కుదిరింది. 21న వచ్చిన జీవో 36లో, ముల్కీలకు చెందవలసిన పోస్టుల్లో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28 నాటికి తప్పిస్తామని ప్రభుత్వం రాసింది. ఆ మాట నిలవలేదు. మార్చి 28న సుప్రీంకోర్టు నివాస అర్హత నిబంధనే చెల్లదంది. ఉస్మానియా విద్యార్థులకు ఒక విద్యాసంవత్సరం పోయింది. ఉద్యమంలో చనిపోయినవాళ్ళ లెక్కగా 369 అనే అంకె తెలంగాణ జ్ఞాపకంలో స్థిరపడింది.

దళిత విద్యార్థుల చదువు గురించిన వ్యాసాన్ని ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1969 తెలంగాణ ఉద్యమం, దానికి ఎదురుగా లేచిన 1972 జై ఆంధ్ర ఉద్యమం కలిసి తెచ్చిన రాజీ 1973 సెప్టెంబరు 21 నాటి ఆరుసూత్రాల పథకం. చదువుకునే అవకాశాలు పెంచడానికి హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్నది అందులోని ఒక అంశం. దానికోసం 32వ రాజ్యాంగ సవరణ చేసి 371-ఇ అధికరణం చేర్చారు. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలి రాళ్ళగుట్టల మధ్యకు తరలిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం అదే. పరిశోధక విద్యార్థులు సెంథిల్ కుమార్, మాదారి వెంకటేశ్, వేముల రోహిత్ చనిపోయింది ఆ ఆవరణలోనే.

అంటే, పాల్వంచలో న్యాయమైన వాటా అడిగిన గొంతుల నుంచి నాలుగైదేళ్ళలో పుట్టిన విద్యాసంస్థలో, మరో న్యాయం అడిగిన పిల్లలు బతకలేకపోయారు. ఈ రెండు చరిత్రలను సాధారణంగా వేర్వేరు పుస్తకాల్లో చదువుతాం. కలిపి చదివితే ఒక విషయం తేటపడుతుంది. ప్రాంతం పేరుతో జరిగిన అన్యాయాన్ని రాజ్యం అంకెల్లో ఒప్పుకుంది, నిబంధనల్లో రాసుకుంది, అమలు కోసం రాష్ట్రపతి ఉత్తర్వులు తెచ్చింది. కులం విషయంలో ప్రవేశం దాకా మాత్రమే అంకెలు రాసింది. ప్రవేశం తర్వాత ఏం జరుగుతుందో అధికారుల, ఆచార్యుల విచక్షణకు వదిలేసింది. గత అర్ధశతాబ్దంలో తెలుగునాట ఉన్నత విద్యలో కులవివక్ష ఎక్కువగా పనిచేసింది ఆ విచక్షణ చోటులోనే అని నా అభిప్రాయం.

అక్కడిదాకా దళిత పిల్లలు ఎలా వచ్చారో తెలియడానికి కొత్తగూడెం సంగతి కొంత చెప్పాలి. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉనికి గుర్తించాడు. అక్కడి ఒక పొరకు ఇప్పటికీ ఆయన పేరే. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఆ తర్వాత గనులూ కంపెనీ ప్రధాన కార్యాలయమూ కొత్తగూడేనికి వచ్చాయి. రుద్రంపూర్, రామవరం బస్తీలు బొగ్గుబాయి చుట్టూ పెరిగినవే. బాయి దిగే పనిలోకి, అందులోనూ బొగ్గు నింపి తట్ట మోసే పనిలోకి, మాల మాదిగ కులాల నుంచీ వెనుకబడిన కులాల నుంచీ ఎందరో వచ్చారు. తట్టాచెమ్మస్ పని అని సింగరేణిలో పిలిచే ఆ పని ఒళ్ళు గుల్ల చేసేది. అయినా అది రోకం కూలి. ఊళ్ళో దొర గడప దగ్గర చెయ్యి చాపి తీసుకునే గింజలు కావు.

ఆ తేడా చదువు చరిత్రలో చాలా పెద్దది. వై.బి. సత్యనారాయణ 2011లో వచ్చిన తన 'మై ఫాదర్ బాలయ్య'లో కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి బయలుదేరిన తన మాదిగ కుటుంబం రైల్వే కొలువు వల్ల ఎలా బడిదాకా, ఆపైన విశ్వవిద్యాలయం దాకా వచ్చిందో చెప్పాడు. రైలు చేసిన పనిని ఈ ప్రాంతంలో బొగ్గు చేసింది. ఇక్కడ ఇంకొక చిక్కు కూడా ఉంది. భద్రాచలం అడవి అంచు చాలా మేరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1970 నాటి 1వ నెంబరు భూబదలాయింపు నిబంధన ఆదివాసీ భూమిని గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా కాపాడటానికి వచ్చింది. అది రావలసిన చట్టం. కానీ ఏజెన్సీలో బతికే దళితుడు కూడా చట్టం కళ్ళకు గిరిజనేతరుడే. భూస్వామికీ అతనికీ అక్కడ ఒకటే పేరు. భూమి దారి మూసుకున్నచోట మిగిలినవి రెండు: బొగ్గుబాయి, బడి. ఈ అంచున దళిత కుటుంబాలు చదువును అంత గట్టిగా పట్టుకోవడానికి ఇది ఒక కారణమని అనుకుంటాను.

ఆ బడి ఎవరో దయతో తెరిచింది కాదు. నిజాం రాజ్యంలో 1888లో పుట్టిన మాదారి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ, 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో అంటరాని పిల్లల కోసం బడి పెట్టాడు. అలాంటివి 20కి పైగా నడిపాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది గానీ బోధన ఉర్దూలో. వాడల్లో తెలుగు అక్షరమే అందని పిల్లలకు అది రెట్టింపు దూరం. బ్రిటిష్ ఇండియాలో 1944లో, వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా అంబేడ్కర్ పట్టుబట్టి సాధించిన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు తర్వాతి తరాలకు ఆసరా అయింది. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ 15(4)ను చేర్చి విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు గట్టి పునాది వేసింది. 1953 జనవరి 12న ఉస్మానియా అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ రోజు ఆ సభలో కూర్చోగల దళిత పట్టభద్రులు ఎంత కొద్దిమంది ఉండి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

1969 ఉద్యమంలో దళిత నాయకత్వం లేదనుకోవడం పొరపాటు. ఎల్లారెడ్డి నుంచి 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచిన జె. ఈశ్వరీబాయి, అంతకుముందే శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి ఆ ఉద్యమంలో ముందువరసలో నిలబడ్డారు. కంచికచర్లలో దళిత యువకుడు కోటేశును తగలబెట్టిన ఘటన మీద శాసనసభలో మంత్రి నోటి దురుసును ఎదిరించింది కూడా ఈశ్వరీబాయే. ఆమెకు ప్రాంతం ప్రశ్న, కులం ప్రశ్న వేరు కావు. రాజ్యానికి మాత్రం అవి వేరు. ఆరుసూత్రాల తర్వాత 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. 1975 ఉత్తర్వు ఉద్యోగాల్లో జోన్లు గీసింది. జోన్ దాటిన బదిలీని కోర్టులో సవాలు చేయవచ్చు, తప్పు లెక్కను సరిచేయించవచ్చు. షెడ్యూల్డ్ కులాలకు 15 శాతం సీట్లు కూడా అలాంటి లెక్కే. కాకపోతే అది అడ్మిషన్ రోజుతో ముగిసే లెక్క.

కొత్తగూడెంలో 1978లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గనుల ఇంజనీరింగ్ కళాశాల తెరిచింది. స్కూల్ ఆఫ్ మైన్స్ అన్న పేరుతో ఊరంతటికీ తెలిసిన ఆ కళాశాల 1994లో కాకతీయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళింది. బాయి దిగిన తండ్రి కొడుకు అదే బాయికి ఇంజనీరుగా రావచ్చన్న ఆశకు అది ఊళ్ళోనే ఉన్న ఆధారం. ఈ తరానికి వసతి ఇచ్చినవి సంక్షేమ హాస్టళ్ళు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్న 1980లలో గురుకుల పాఠశాలలు వేళ్ళూనుకున్నాయి. హాస్టలు అన్నం, ట్రంకుపెట్టె, స్కాలర్‌షిప్పు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చిన కుల ధ్రువీకరణ పత్రం: మొదటి తరం దళిత పట్టభద్రుల జ్ఞాపకాల్లో ఈ మూడూ ఉంటాయి.

కళాశాలలో అడుగుపెట్టాక ఎదురయ్యేది వేరు. తరగతిలో కులం పేరెత్తి తిట్టడం అరుదు. "ర్యాంకు ఎంత?" అని అడుగుతారు. ఇంటిపేరు అడుగుతారు. ఊరు అడిగి, ఊళ్ళో ఎటువైపు అని అడుగుతారు. స్కాలర్‌షిప్పు జాబితా నోటీసుబోర్డు మీద పేర్లతో సహా అంటిస్తారు. ల్యాబ్‌లో జట్లు కట్టేటప్పుడు 'కోటావాళ్ళు' ఒక జట్టుగా మిగులుతారు. ఇంటర్నల్ మార్కులు, వైవా మార్కులు మాస్టారి చేతిలో ఉంటాయి. రాతపరీక్షలో పేపరు మీద నెంబరే కనబడుతుంది, వైవాలో మనిషి కనబడతాడు.

దీనికి వరంగల్లు నుంచి ఒక సాక్ష్యం ఉంది. కాజీపేటలో పుట్టిన సుజాత గిడ్ల, 2017లో అచ్చయిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' రచయిత్రి, వరంగల్లు రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివింది. అక్కడ ఒక అగ్రకుల ఆచార్యుడు కింది కులాల విద్యార్థులను పనిగట్టుకుని పరీక్షల్లో తప్పిస్తున్నాడని సమ్మె జరిగిందనీ, అందులో పాల్గొన్నందుకు తాను నెలల తరబడి జైల్లో ఉండవలసి వచ్చిందనీ ఆమె చెప్పింది. మార్కుల మీద ఫిర్యాదు చేసిన విద్యార్థిని జైలుకు పోయింది.  1980ల నాటి ఈ ఒక్క ఘటనలో తర్వాతి ముప్ఫై ఏళ్ళ నడక ఉంది. విద్యార్థి అన్యాయం అంటాడు, సంస్థ దాన్ని క్రమశిక్షణ సమస్యగా మార్చుతుంది.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ రెండు ఊచకోతల మధ్య మండల్ గొడవ. తెలుగునాట విశ్వవిద్యాలయ హాస్టళ్ళలో కూర్చున్న దళిత యువకుల చదువును, ఆలోచనను మార్చినవి ఇవి. అంతకుముందు వామపక్ష సంఘాల్లోనే తమ మాట వెతుక్కున్నవాళ్ళు సొంత సంఘాలు పెట్టుకున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1993లో ఏర్పడిన అంబేడ్కర్ విద్యార్థి సంఘం వాటిలో గట్టిది. మెస్సు డబ్బులు, హాస్టలు గదులు, ఫెలోషిప్పు ఆలస్యాలు, గైడు కేటాయింపు వంటి రోజువారీ సంగతులే దాని పోరాటాలు. బయటివాళ్ళకు చిన్నవిగా కనబడవచ్చు. విచక్షణ పనిచేసేది అక్కడే కాబట్టి పోరాటమూ అక్కడే జరిగింది. 2002 జనవరిలో హాస్టలు వ్యవహారంలో చీఫ్ వార్డెన్‌తో ఘర్షణ తర్వాత పదిమంది దళిత విద్యార్థులను విశ్వవిద్యాలయం బహిష్కరించింది. ఆందోళనల మీదట శిక్ష తగ్గించింది. అప్పటి చీఫ్ వార్డెన్ అప్పారావు పొదిలె. 2015లో ఆయనే వైస్ ఛాన్సలర్ అయ్యాడు.

సెంథిల్ కుమార్ది తమిళనాడులోని సేలం వైపు. పందులు మేపుకుని బతికే పన్నియాండి కులంలో పుట్టి భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ దాకా వచ్చాడు. 2007లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2008 ఫిబ్రవరి 24న ప్రాణం తీసుకున్నాడు. కోర్సువర్కులో ఒక పేపరు తప్పాడన్న కారణంతో అతని ఫెలోషిప్పు ఆగింది. అతనికి గైడు కూడా లేడు. విశ్వవిద్యాలయం ఆచార్యుడు వినోద్ పావరాల అధ్యక్షతన కమిటీ వేసింది. విభాగంలో కోర్సువర్కు నియమాలు తేటగా లేవనీ, వాటిని అమలు చేసిన తీరు ఒకేలా లేదనీ, ఆ అస్పష్టత వల్ల నష్టపోయినవాళ్ళలో రిజర్వేషన్ వర్గాల వాళ్ళే ఎక్కువనీ ఆ కమిటీ తేల్చింది.

పావరాల కమిటీ నివేదికను తెలుగునాట ఉన్నత విద్యపై వచ్చిన ముఖ్యమైన పత్రాల్లో ఒకటిగా చూడాలి. ఒక మనిషి ఇంకో మనిషిని కులం పేరుతో అవమానించాడా అన్న ప్రశ్న దగ్గర అది ఆగలేదు. అలా వెతికితే రుజువు దొరకదు. నియమం రాసి లేనిచోట ఎవరు నష్టపోతున్నారు అని లెక్క తీసింది. అంతకు ఏడాది ముందు, 2007 మేలో, ఢిల్లీ ఎయిమ్స్ మీద సుఖదేవ్ థోరాట్ కమిటీ ఇచ్చిన నివేదికదీ ఇదే దారి. వేధింపులు పడలేక దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టళ్ళలో కొన్ని అంతస్తులకే చేరిపోయారనీ, పరీక్షల్లో వాళ్ళ పట్ల తేడా కనిపిస్తోందనీ ఆ కమిటీ చెప్పింది. చట్టం వ్యక్తి నేరాన్ని వెతుకుతుంది. ఈ రెండు కమిటీలూ సంస్థ అలవాటును పట్టుకున్నాయి.

పట్టుకున్నదాన్ని ఎవరూ సరిచేయలేదు. 2012లో యూజీసీ సమానత్వ ప్రోత్సాహక నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలంది. పాటించని సంస్థకు ఏమవుతుందో గట్టిగా చెప్పలేదు. 2013 నవంబరులో మాదారి వెంకటేశ్ పోయాడు. హై ఎనర్జీ మెటీరియల్స్ కేంద్రంలో పరిశోధక విద్యార్థి. సరైన గైడు లేకుండా ఏళ్ళు గడిచాయి. సెంథిల్ తర్వాత ఐదేళ్ళకు అదే ఆవరణలో, మరో విభాగంలో, అదే ఖాళీ. విద్యార్థుల వరుస మరణాల మీద అదే ఏడాది రాష్ట్ర హైకోర్టు ఒక లేఖను ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుని విశ్వవిద్యాలయాలకు సూచనలు ఇచ్చింది. చదువులో చేయూత, మానసిక తోడ్పాటు, ఫిర్యాదుల పరిష్కారం వంటివి. వాటినీ ప్రతి విశ్వవిద్యాలయం తన తీరుబాటు ప్రకారం చదువుకుంది.

పార్లమెంటులో 2021 డిసెంబరులో విద్యామంత్రి ఇచ్చిన సమాధానం ప్రకారం 2014 నుంచి అప్పటి దాకా కేంద్ర నిధులతో నడిచే ఉన్నత విద్యాసంస్థల్లో 122 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 24 మంది షెడ్యూల్డ్ కులాలు, 3 షెడ్యూల్డ్ తెగలు, 41 వెనుకబడిన తరగతులు. ప్రతి మరణానికీ కులమే కారణమని ఈ అంకెలు చెప్పవు. సగానికి పైన ఏ వర్గాల నుంచి అన్నది మాత్రం చెబుతాయి.

రోహిత్ వేముల కథ లోకానికి తెలుసు. అందుకే అందులో నియమాల వరుసను మాత్రం చూస్తాను. 1989 జనవరి 30న పుట్టాడు. తల్లి రాధిక గుంటూరులో బట్టలు కుట్టి పిల్లలను చదివించింది. గుంటూరు హిందూ కళాశాలలో డిగ్రీ, ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయం. పరిశోధనకు వచ్చాక జీవశాస్త్రం నుంచి సామాజిక శాస్త్రాలకు మారాడు. జేఆర్‌ఎఫ్ తన మార్కులతోనే తెచ్చుకున్నాడు. అంబేడ్కర్ విద్యార్థి సంఘంలో చురుకైనవాడు. 2015 ఆగస్టు మొదట్లో ఆ సంఘానికీ ఏబీవీపీ నాయకుడికీ మధ్య ఘర్షణ జరిగింది. విశ్వవిద్యాలయపు తొలి విచారణలో దాడికి గట్టి ఆధారం దొరకలేదు. ఆగస్టు 17న కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల మంత్రి స్మృతి ఇరానీకి లేఖ రాశాడు. ఆ తర్వాత మంత్రిత్వ శాఖ నుంచి విశ్వవిద్యాలయానికి మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు వచ్చాయి. సెప్టెంబరులో వేసిన సస్పెన్షన్‌ను అప్పటి వైస్ ఛాన్సలర్ ఆపాడు. కొత్త వైస్ ఛాన్సలర్ వచ్చాక కార్యనిర్వాహక మండలి నవంబరు చివర మళ్ళీ శిక్ష వేసింది. రోహిత్, దొంత ప్రశాంత్, పెదపూడి విజయ్ కుమార్, చెముడుగుంట శేషయ్య, వేల్పుల సుంకన్న హాస్టల్లో ఉండకూడదు, కార్యాలయ భవనంలోకి పోకూడదు, నలుగురు కూడే చోట గుంపుగా కనబడకూడదు.

ఈ శిక్ష స్వరూపాన్ని ఒకసారి చూడండి. తరగతికి రావచ్చు, గ్రంథాలయానికి రావచ్చు, చదువు మానమనలేదు. ఉండే చోటు మాత్రం తీసేశారు, నలుగురితో కలిసే హక్కు తీసేశారు. ఊరికి వెలి అంటే ఏమిటో తెలిసిన సమాజాల నుంచి వచ్చిన ఐదుగురికి ఇది కొత్త శిక్ష కాదు. 2016 జనవరి మొదటివారంలో గదుల నుంచి పరుపులు మోసుకొచ్చి షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. నెలకు 25,000 రూపాయల ఫెలోషిప్పు రోహిత్‌కు ఏడు నెలలుగా అందలేదు. జనవరి 17న అతను చనిపోయాడు. దర్యాప్తులన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న సులువైనది: ఒక పరిశోధక విద్యార్థికి ఇవ్వవలసిన డబ్బు ఏడు నెలలు ఆగితే దానికి జవాబు చెప్పవలసిన మనిషి పేరు ఏ నియమంలోనైనా రాసి ఉందా?

ఆ ప్రశ్న పక్కకు పోయింది. రోహిత్ దళితుడా కాదా అన్నది ముందుకు వచ్చింది. రాధిక మాల కుటుంబంలో పుట్టి వడ్డెర ఇంట్లో పెరిగింది, వడ్డెర భర్తను చేసుకుని విడిపోయింది, పిల్లలను మాల వాడలోనే పెంచింది. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డ కులం తండ్రిని బట్టే ఉంటుందని ముందే తీర్మానించకూడదనీ, తల్లి దగ్గర పెరిగి ఆ కులానికి జరిగే అవమానాలను పడ్డాడా అన్నది వాస్తవాలతో తేల్చాలనీ సుప్రీంకోర్టు 2012లో రమేశ్‌భాయి దభాయి నాయికా కేసులో చెప్పింది. గుంటూరు కలెక్టరు మొదట ఇచ్చిన నివేదికలో రోహిత్ షెడ్యూల్డ్ కులస్థుడే. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ మాత్రం 2016 ఆగస్టులో అతను దళితుడు కాదని, మరణానికి సొంత నిరాశే కారణమని రాసింది. 2024 మేలో తెలంగాణ పోలీసులు అదే ధోరణిలో కేసు మూసివేత నివేదిక ఇచ్చారు. నిరసన రాగానే మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికుండగా అతన్ని దళిత విద్యార్థిగానే చూసిన వ్యవస్థ, పోయాక ఆ గుర్తింపుకు పత్రాలు అడిగింది. ఇది నన్ను ఎప్పటికీ బాధించే సంగతి. 2016 అక్టోబరు స్నాతకోత్సవంలో సుంకన్న వైస్ ఛాన్సలర్ అప్పారావు చేతి నుంచి పీహెచ్‌డీ పట్టా తీసుకోనన్నాడు. మరో అధికారి చేతి మీదుగా తీసుకున్నాడు.

ఇంతటి చరిత్రలో కొత్తగూడెం అంచు నుంచి వచ్చిన ఒక వార్తను మరిచిపోకూడదు. చర్ల మండలం కలివేరుకు చెందిన దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్, అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్టు ఎక్కాడు. చర్ల, అన్నపురెడ్డిపల్లి ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. గురుకులాలు పిల్లల్లో కలిగించిన ధీమా చిన్నది కాదు. అక్కడ తోటివాళ్ళంతా తనలాంటివాళ్ళే, ఉపాధ్యాయులు వాళ్ళు గెలవాలని కోరుకునేవాళ్ళు. ఆ ధీమాతో విశ్వవిద్యాలయానికి వెళ్ళిన పిల్ల మొదటిసారి 'ర్యాంకు ఎంత' అన్న ప్రశ్న వినేది పద్దెనిమిదేళ్ళ వయసులో. గురుకులం బిడ్డను సిద్ధం చేస్తుంది. విశ్వవిద్యాలయాన్ని సిద్ధం చేసే పని ఎవరూ పెట్టుకోలేదు.

దళితుల లోపలి లెక్క కూడా ఈ చరిత్రలో భాగమే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగింది, 15 శాతంలో ఎవరికి ఎంత అని. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందంది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులు అమలు చేసింది. విశ్వవిద్యాలయం మెట్టు చూడని కులాలకు ఇది న్యాయం. అయితే ఇదీ ప్రవేశం లెక్కే. మొదటి గ్రూపులోని చిన్న కులం నుంచి వచ్చే ఒంటరి విద్యార్థికి లోపల సంఘబలం కూడా ఉండదు. సెంథిల్ సంగతి గుర్తు చేసుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

సముద్రం దాటినా ఈ సంగతి వెంట వస్తుందని అమెరికా విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా గుర్తించాయి. 2019 చివర బ్రాండైస్, 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ తమ వివక్ష వ్యతిరేక నియమాల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం ఆ పని చేసింది. అక్కడ చదివే, కొలువు చేసే తెలుగువాళ్ళ సంఖ్యను బట్టి చూస్తే ఇది మన ఇంటి సంగతే.

ఇక్కడ, రాధిక వేముల, ముంబైలో కూతురు పాయల్ తడ్వీని పోగొట్టుకున్న ఆబెదా తడ్వీ కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2012 నిబంధనలు కాగితం మీదే ఉన్నాయన్నది వాళ్ళ ఫిర్యాదు. ఆ కేసు ఒత్తిడితోనే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ముసాయిదా, 2026 జనవరిలో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి మీద నిరసనలు లేచాయి. అదే నెల 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి ప్రస్తుతానికి 2012 నిబంధనలే నడవాలంది. అమలు కావడం లేదని తల్లులు కోర్టుకెక్కిన నిబంధనలే మళ్ళీ చేతిలో మిగిలాయి.

కేంద్రం కోసం ఎదురుచూడనక్కర లేని పనులు కొన్ని ఉన్నాయి. స్కూల్ ఆఫ్ మైన్స్‌ను 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా పెంచారు. కొత్త విశ్వవిద్యాలయానికి కొత్తగా నియమాలు రాసుకునే వెసులుబాటు ఉంటుంది. పరిశోధక విద్యార్థి చేరిన ఫలానా తేదీలోగా గైడును కేటాయించాలి, లేకపోతే విభాగాధిపతి రాతపూర్వకంగా కారణం చెప్పాలి. అప్పీలు తేలేదాకా ఫెలోషిప్పు ఆపకూడదు. శిక్ష వేసే కమిటీలో షెడ్యూల్డ్ కులాల, తెగల ఆచార్యులు ఉండాలి, హాస్టలు నుంచి వెళ్ళగొట్టడం శిక్షల జాబితాలోనే ఉండకూడదు. ఇంటర్నల్, వైవా మార్కులను వర్గాలవారీగా ఏటా అచ్చువేసి బయట పెట్టాలి, ఎందుకంటే పావరాల కమిటీ చూపినట్టు లెక్క తీస్తే తప్ప అలవాటు కంటికి కనబడదు. పాల్వంచలో 1969లో నిలదీసినవాళ్ళు ఉద్యోగాల లెక్క అడిగారు. ఈ మార్కుల జాబితా అడగడానికి కూడా అంతే హక్కు ఉంది. దీనికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు, అకడమిక్ కౌన్సిల్ తీర్మానం చాలు.